కొత్త 12 బోరు సెమీ ఆటో తుపాకీ: డొప్ప ఇరుక్కుంటోంది, చెంపకు కొడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న గుంటూరు నుంచి వచ్చింది. అడిగినాయన ట్రాప్ షూటింగ్, అంటే ఎగిరే మట్టి పళ్లేలను కొట్టడం, నేర్చుకుంటున్నారు. లైసెన్సు మీద తీసుకున్న 12 బోరు సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఉంది, పేలగానే ఖాళీ డొప్పను తనే విసిరేసి తర్వాతి తూటా ఎక్కించుకుంటుంది. వెనక్కి కొట్టే తన్నుతోనే నడిచే ఇనర్షియా రకం. కొని ఎనిమిది నెలలైనా ఇంకా రెండు వందల తూటాలు కూడా పేల్చలేదు. 24 గ్రాముల గుళ్లున్న తూటాలతో మొదట్లో పాతికకు ఒకటి రెండుసార్లు ఖాళీ డొప్ప, అది బయటికి పోయే కిటికీలో ఇరుక్కునేది. కుడి జబ్బ కమిలిపోతోంది, చెంప ఎముక వాస్తోంది. తన్ను తగ్గుతుందని ఎవరో చెబితే స్టాక్ (భుజానికి ఆన్చే వెనక చెక్క) లోపల ఒక బరువు, ముందు మ్యాగజైన్ (తూటాలు పట్టే గొట్టం) మూత దగ్గర ఇంకో బరువు బిగించారు. వెనక రబ్బరు తొడుగు కూడా వేశారు. ఇప్పుడు నాలుగైదింటికి ఒకటి ఇరుక్కుంటోంది, చెంప నొప్పి మాత్రం అలాగే ఉంది. "దీన్ని అమ్మేసి గ్యాస్‌తో నడిచేది తీసుకోమంటారా?" అని అడుగుతున్నారు.

అమ్మొద్దు. ముందు ఆ రెండు బరువులూ, ఆ రబ్బరు తొడుగూ తీసేయండి. తుపాకీని శుభ్రంగా తుడిచి, కొంచెం గట్టి లోడ్ ఉన్న తూటాలతో నడిపించి, ఆ తర్వాత మళ్లీ 24 గ్రాములకు రండి. ఈలోగా స్టాక్‌ను మీ ఒంటికి సరిచేయించుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ తుపాకీ యంత్రంలో పెద్ద లోపమేమీ ఉన్నట్టు లేదు. స్టాక్ సరిపోక దెబ్బ తగిలింది. దెబ్బకు మందుగా బరువు వేశారు. బరువు వల్ల యంత్రం ఆగింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

నేను విజయవాడ వాణ్ణి. ముప్పై ఏళ్లుగా పన్నెండు బోరు పేలుస్తున్నాను. పతకాలు గెలిచినవాణ్ణి కాదు. కానీ వన్‌టౌన్‌లో లైసెన్సున్న ఒక పాత తుపాకీ మేస్త్రీ గారి బల్ల పక్కన చాలా సాయంత్రాలు కూర్చున్నాను. కింద రాసేదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నది, సగం నేను చేసిన తప్పుల్లోంచి వచ్చింది.

ఇనర్షియా తుపాకీ ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. పల్లెవెలుగు బస్సు డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలితే నిలబడ్డవాడు వెనక్కి తూలతాడు కదా. ఇక్కడా అంతే, దిక్కు మాత్రం తిరగబడింది. తూటా పేలగానే తుపాకీ మొత్తం వెనక్కి వస్తుంది, తూటాను వెనక నుంచి మూసి ఉంచే బరువైన బోల్ట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. బోల్ట్‌కూ దాని తలకూ మధ్య ఒక పొట్టి, గట్టి స్ప్రింగ్ ఉంటుంది. తుపాకీ వెనక్కి వచ్చేటప్పుడు అది నొక్కుకుంటుంది. మళ్లీ విచ్చుకుంటూ బోల్ట్‌ను వెనక్కి విసురుతుంది. అప్పుడు బోల్ట్ తల తిరిగి తాళం ఊడి, డొప్ప బయటికి పోతుంది. బ్రూనో చివొలాని అనే ఇటలీ ఆయన రూపొందించిన పద్ధతి ఇది. 1967లో మొదలైన బెనెల్లి కంపెనీకి పేరు తెచ్చింది ఇదే.

అంటే ఈ తుపాకీకి తిండి తన్నే. తన్ను తగ్గిస్తే దాని తిండి కోసినట్టే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకే వేగంతో పోయే 28 గ్రాముల గుళ్లతో పోలిస్తే 24 గ్రాముల గుళ్లు తుపాకీని వెనక్కి నెట్టే ఊపు ఏడో వంతు తక్కువ. మీ తుపాకీ దాదాపు 3.1 కిలోలు ఉంటుందనుకుందాం. దానికి 400 గ్రాముల బరువు చేరిస్తే వెనక్కి వచ్చే వేగం ఇంకో దాదాపు తొమ్మిదో వంతు తగ్గుతుంది. రెండూ కలిస్తే దాదాపు పావు వంతు ఊపు పోయింది. మందు బరువు, లోపలి ప్లాస్టిక్ కప్పు బరువు ఇందులో కలపలేదు, ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా కొత్త తుపాకీలో స్ప్రింగులు బిగుతుగా, రాపిడి ఎక్కువగా ఉన్నప్పుడు పావు వంతు చిన్న విషయం కాదు.

"మరి 24 గ్రాములు ఎందుకు, 28తోనే పేలిస్తే పోదా?" అనొచ్చు. ప్రాక్టీసుకు పేల్చండి, రేంజ్ వాళ్లు ఒప్పుకుంటే. పోటీలకు మాత్రం కుదరదు. అంతర్జాతీయ నియమాల్లో పళ్లేల ఆటలైన ట్రాప్, స్కీట్ రెండింటికీ గుళ్ల బరువు 24 గ్రాములు దాటకూడదు. తూకంలో అర గ్రాము వరకే తేడా ఒప్పుకుంటారు. ముందు చెక్కను చేత్తో లాగి నడిపే పంప్ యాక్షన్‌కు అనుమతి లేదు. సెమీ ఆటోకు ఉంది, కానీ మ్యాగజైన్‌లో ఒక్క తూటాకు మించి పట్టకుండా అడ్డు వేయాలి. ఆ అడ్డు గురించి కింద ఒక కథ చెబుతాను.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మేస్త్రీ గారి మొదటి పాఠం ఇదే. తూటా మార్చి, నూనె మార్చి, స్ప్రింగ్ మార్చి, "అబ్బ, బాగైంది" అంటే ఏది బాగు చేసిందో తెలియదు. చిన్న నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, తూటా రకం, ఎన్ని పేల్చారు, ఎన్నోదానికి ఆగింది, డొప్ప ఎక్కడ ఆగింది అన్నవి రాయండి. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. చాలామంది "జామ్ అయింది" అని ఊరుకుంటారు. డొప్ప ఎక్కడ ఆగిందో చెబితే జబ్బు సగం తెలిసిపోతుంది.

డొప్ప చాంబర్ నుంచి, అంటే తూటా కూర్చునే చోటు నుంచి, అసలు కదలకపోతే చాంబర్ మురికిగా ఉందన్నమాట, లేదా తూటా అడుగు ఉబ్బింది, లేదా డొప్పను పట్టి లాగే కొక్కెం అరిగింది. మన వైపు తేమకు బీరువాలో ఏళ్ల తరబడి పడున్న తూటాలు ఉబ్బడం నేను చాలాసార్లు చూశాను. బ్యారెల్ విడదీసి చేత్తో పట్టుకున్నప్పుడు తూటా దాని బరువుకే లోపలికి జారాలి, తిప్పితే దానంతటదే బయటికి రావాలి. వేలితో నెట్టాల్సి వస్తే ఆ తూటా పక్కన పెట్టేయండి.

డొప్ప బయటికి వచ్చి కిటికీలో బోల్ట్‌కు నిలువుగా చిక్కితే, బోల్ట్ పూర్తిగా వెనక్కి పోలేదు. మీ కేసు ఇదే. తేలిక తూటా, అదనపు బరువు, జిడ్డు, ఈ మూడింట్లో ఒకటో రెండో. ఇంకో అనుమానం కూడా ఉంది. పక్కవాడి మీద డొప్పలు పడకుండా కిటికీ దగ్గర తగిలించే క్యాచర్ మీరేమైనా వాడుతున్నారా? దాన్ని కొంచెం వంకరగా పెడితే బయటికి పోవాల్సిన డొప్ప దానికి కొట్టుకుని తిరిగి లోపలికే వస్తుంది. నేను ఒక వారం మొత్తం స్ప్రింగును తిట్టుకున్నాను, దోషి ఆ క్యాచర్.

డొప్ప చక్కగా పోయి, రెండో తూటా రాకపోతే మ్యాగజైన్ వైపు చూడండి. నా అడ్డు కథ ఇక్కడే. పోటీ నియమం కోసం మ్యాగజైన్ గొట్టంలో పెట్టే కర్ర ముక్కను కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన దగ్గర పొణికి కర్రతో సోగ్గా చేయించుకున్నాను. తేలిక, నున్నన, భలే ఉంది. జూలై వానలకు ఆ కర్ర ఉబ్బింది. స్ప్రింగ్ దానికి రాసుకుంటూ రెండో తూటాను నిదానంగా తోసేది. బోల్ట్ దానికంటే ముందే మూసుకునేది. ఆ కర్రతో బొమ్మలే చేయించుకోవాలి. ప్లాస్టిక్ అడ్డు వాడండి.

తూటా లోపలికి పోయి బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే చాంబర్ మురికి, లేదంటే బోల్ట్‌ను ముందుకు నెట్టే స్ప్రింగ్ బలహీనం. చాలా రకాల్లో ఆ స్ప్రింగ్ స్టాక్ లోపల ఒక గొట్టంలో ఉంటుంది. మామూలు శుభ్రతలో ఎవరూ అక్కడిదాకా పోరు. ఏళ్ల నూనె, మసి అక్కడే పేరుకుంటాయి. మీది కొత్తదైనా ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన చిక్కటి గ్రీజు అక్కడ ఉండిపోయి ఉంటుంది. స్టాక్ లోపల బరువు బిగించినవాళ్లు ఆ గొట్టం చివరన ఉండే నట్టును అటూ ఇటూ చేశారేమో కూడా చూపించండి.

ఇక అయిదోది, ట్రిగ్గర్ నొక్కితే టిక్ మని ఊరుకోవడం. ఇనర్షియా తుపాకీల్లో ఇది పేరున్న జబ్బు. తూటా పెట్టాక బోల్ట్‌ను చేత్తో మెల్లగా వదిలినా, తూటా పెట్టిన తుపాకీ నేలకు ఠక్కున తగిలినా బోల్ట్ తల కొద్దిగా వెనక్కి తిరిగి తాళం సగమే పడుతుంది. అందుకే బోల్ట్‌ను ఎప్పుడూ పూర్తిగా లాగి దానంతట దాన్నే మూసుకోనివ్వాలి. కానీ టిక్ అనగానే తెరవొద్దు. గొట్టం ముందుకే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే తూటాలుంటాయి. అలాగే ఎప్పుడైనా చప్పుడు పేలవంగా, బుస్ మని వినిపిస్తే అక్కడితో ఆపేయండి. ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. లోపల కప్పు ఇరుక్కుని ఉండగా రెండోది పేల్చితే బ్యారెల్ చీలుతుంది. రౌండ్ పోతే పోయింది, మళ్లీ డబ్బు కట్టి ఆడొచ్చు.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తుపాకీని తలంటినట్టు నూనెతో తడిపేస్తారు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి తుపాకీకి కొబ్బరి నూనే. నాకూ అదే అలవాటైంది. విజయవాడలో ఏ ఇబ్బందీ రాలేదు, ఇక్కడ మే నెలలో ఇనుమే కరిగేట్టుంటుంది. ఒక జనవరిలో ఢిల్లీ తుగ్లకాబాద్‌లో, 1982 ఆసియా క్రీడలకు కట్టిన కర్ణీ సింగ్ రేంజ్‌లో, మొదటిసారి పేల్చాను. పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నా తుపాకీ తొలి తూటాకే ఆగింది, రెండోదానికీ ఆగింది. విప్పి చూస్తే బోల్ట్ దారుల్లో తెల్లగా వెన్నలా పేరుకుని ఉంది. కొబ్బరి నూనె 24 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గడ్డకడుతుంది, ఇంట్లో సీసా చూస్తూనే ఉంటాం, ఆ రోజు నాకు గుర్తు రాలేదు. పక్కన పంజాబ్ కుర్రాడు తన గుడ్డ, తన నూనె ఇచ్చాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ కథ చెప్పి నవ్వుతారు.

కాబట్టి పల్చటి తుపాకీ నూనె, అదీ చుక్కలు లెక్కపెట్టి వాడండి. బోల్ట్ జారే పట్టాలకు రెండు చుక్కలు, తిరిగే తలకు ఒకటి, మిగతాది పొడిగుడ్డతో తుడిచేయండి. చాంబర్‌లో నూనె ఉండకూడదు, పూర్తిగా పొడిగా ఉండాలి. మిర్చి యార్డు పక్కన ఇల్లున్న మిత్రుడొకడు తుపాకీ తెరిచి తుడుస్తుంటే నేను తుమ్మాను, ఆ జిడ్డుకు అంత దుమ్ము అతుక్కుని ఉంది. నూనె ఎక్కువైతే అది దుమ్ముకు వల అవుతుంది.

తుప్పు గురించి ఒక మాట. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు అప్పగించమంటారు, నెలలపాటు మన చేతిలో ఉండవు. 2024లో నేను నా తుపాకీని స్పాంజి లైనింగ్ ఉన్న జిప్ సంచిలోనే పెట్టి ఇచ్చాను. ఆ స్పాంజి తేమ పీల్చుకుని బ్యారెల్‌కు అంటిపెట్టుకుని ఉంది. తిరిగి తెచ్చుకున్నాక మ్యాగజైన్ గొట్టం మీద ఎర్రటి చుక్కలు. తప్పు పూర్తిగా నాదే. ఈసారి అప్పగించే ముందు పల్చగా నూనె పూసి, నూలు గుడ్డ చుట్టి, గాలాడే సంచిలో ఇస్తాను. తిరిగొచ్చాక ముందు విప్పి తుడవకుండా పేల్చకండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే స్టాక్‌కు వద్దాం. మీరు ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలని రాశారు. ఇలాంటి తుపాకీలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి మధ్యభాగం దాకా సుమారు 365 మిల్లీమీటర్లు ఉంటాయి. సగటు యూరప్ మనిషికి అది సరిపోతుంది. మీ చేతికి అది ముందే కొంచెం పొడుగు. దాని మీద రబ్బరు తొడుగు ఇంకో 20 మిల్లీమీటర్లు కలిపింది. తొడుగు వల్ల యంత్రానికి పెద్దగా నష్టం లేదు, నష్టమంతా మీకే.

ఎలాగంటే, స్టాక్ పొడుగైతే భుజం గుంతలోకి తేవడానికి చోటు చాలదు. పైకెత్తేటప్పుడు చంక దగ్గర బట్టకు తట్టుకుంటుంది, మీకు తెలియకుండానే దాన్ని పక్కకు, జబ్బ మీదికి జరుపుతారు. మీరు కమిలిందని చెప్పిన చోటు అదే. భుజం గుంతలో కూర్చుంటే అదే తన్ను వీపుదాకా పంచుకుపోతుంది. జబ్బ మీద పడితే ఎముక మీద సుత్తి దెబ్బే. ఎక్కడ కమిలిందో చూస్తే స్టాక్ తప్పు తెలుస్తుంది. జబ్బ మీదైతే పొడుగు, లేదా నిలబడే తీరు మరీ ఎదురుగా ఉంది. ఛాతీ వైపు కింది మొన గుచ్చుకుంటే స్టాక్ చివర వాలు తేడా. బొటనవేలు ముక్కుకు తగిలితే పొట్టి.

చెంప సంగతి కూడా దీనికి తోడే. స్టాక్ పైఅంచు ముందు ఎత్తుగా, వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటుంది. పొడుగు స్టాక్‌తో మీ ముఖం వెనక్కి, అంటే పల్లపు భాగం మీదికి పోతుంది. కన్ను రిబ్ (గొట్టం మీది పట్టీ) మీదికి తేవడానికి తల పైకెత్తుతారు, చెంప గాల్లో తేలుతుంది. పేలగానే తుపాకీ వెనక్కి వస్తుంది, ముందున్న ఎత్తు భాగం మీ చెంప కిందికి దూసుకొచ్చి ఎముకను కొడుతుంది. చెంప గట్టిగా ఆన్చితే దెబ్బ తక్కువ. ఇది కొత్తవాళ్లు నమ్మరు, భయంతో ఇంకా తేలుస్తారు, ఇంకా దెబ్బ తింటారు.

పొడుగు చూసుకోవడానికి మోచేయి మడిచి స్టాక్ కొలిచే పద్ధతి ఒకటి అందరూ చూపిస్తారు. నాకు దాని మీద నమ్మకం లేదు. మెడ పొడుగు, భుజాల వెడల్పు అందులో రావు. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గోడ వైపు తిరిగి, రేంజ్‌లో వేసుకునే బట్టలతోనే భుజానికి ఎత్తండి. ముక్కు చివరకూ కుడి బొటనవేలి మొదటికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే చాలు. నాలుగు వేళ్లు పడితే పొడుగు. బట్టల మాట ఎందుకన్నానంటే, మనం ఇక్కడ పల్చటి నూలు చొక్కాతో పేలుస్తాం. ఢిల్లీ చలికి స్వెటర్, దాని మీద షూటింగ్ జాకెట్ వేస్తే అదే స్టాక్ ఒక అంగుళం పెరిగినట్టుంటుంది. నాకు ఆ జనవరిలో కొబ్బరి నూనెతోపాటు ఈ ముచ్చట కూడా తీరింది.

తర్వాత కన్ను. ఖాళీ తుపాకీతోనే కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆన్చి, కళ్లు తెరవండి. గొట్టం కొనన ఉండే బీడ్ (గురి పూస) రిబ్ మీద కూర్చున్నట్టు, రిబ్ కొద్దిగా మాత్రమే కనిపించాలి. బోల్ట్ వెనక భాగమే కనిపించి బీడ్ మాయమైతే స్టాక్ పైఅంచు మీకు పల్లం. రిబ్ అంతా బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్‌లా పొడుగ్గా కనిపిస్తే ఎత్తు, గుళ్లు పైకి పోతాయి. ట్రాప్‌లో పళ్లెం పైకి లేస్తూ పోతుంది గనుక కాస్త పైకి కొట్టడం మంచిదే, కానీ ఎంత అన్నది ఊహతో తేలదు.

అందుకు కాగితం కావాలి. రేంజ్‌లో అనుమతి తీసుకుని 16 గజాల దూరంలో, అంటే దాదాపు 14.6 మీటర్లు, పెద్ద చార్టు కాగితం కట్టండి. మధ్యలో నల్లచుక్క పెట్టండి. గొట్టం కొనను ఇరుకు చేసే బిగుతు చోక్ వేసుకుని, గురి చూడకుండా, పళ్లెం వచ్చినట్టే ఎత్తి వెంటనే పేల్చండి. ఒకే చుక్కకు ఆరేడు తూటాలు. గుంపు ఎక్కడ పడిందో చూడండి. ఈ దూరానికి ఒక సౌకర్యం ఉంది. మీ కన్నే వెనక సైటు. స్టాక్ దగ్గర 1 మిల్లీమీటరు తేడా కాగితం మీద దాదాపు 16 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. గుంపు 6 సెంటీమీటర్లు కిందికి పడితే స్టాక్ పైఅంచు దాదాపు 4 మిల్లీమీటర్లు లేపాలి. గుంపు ఎడమకు పడితే స్టాక్ పక్కవాటు (పక్కకు ఉన్న వంపు) చూడాలి, లేదా ఎడమ కన్ను పెత్తనం చేస్తోందేమో చూడాలి. రెండు చేతులతో చిన్న త్రికోణం చేసి దూరంగా ఉన్న గడియారాన్ని అందులో చూస్తూ ఒక్కో కన్నూ మూసి చూడండి, ఏ కన్నుది పెత్తనమో తెలిసిపోతుంది. ఎడమదైతే కళ్లజోడు ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్కతో మొదలుపెట్టొచ్చు.

సరిచేయడం ఎలా? ఈ తరం సెమీ ఆటోల్లో చాలావాటికి పెట్టెలోనే పల్చటి బిళ్లలు వస్తాయి, స్టాక్‌కూ బాడీకీ మధ్య పెడితే ఎత్తు, పక్కవాటు మారతాయి. మీ పెట్టెలో ఒక చిన్న కవరు ఉందేమో వెతకండి, చాలామంది అది స్పేర్ వాషర్లనుకుని అలాగే ఉంచేస్తారు. పొడుగు తగ్గించడానికి వెనక ప్యాడ్ తీసి పల్చటిది వేయించండి. చెంప కోసం నేను మొదట చెప్పుల షాపులో దొరికే మెత్తటి రబ్బరు షీటు ముక్కలు పొరలుగా అతికించి, పైన నూలు టేపు చుట్టి చూస్తాను. బాగా కుదిరాకే పక్కా పని. స్టాక్‌ను కుర్చీలు చేసే వడ్రంగి దగ్గరికి తీసుకుపోవద్దు. తెలిసినవాడొకడు మంచి వాల్‌నట్ స్టాక్‌ను చిత్రిక పట్టించాడు. ఇప్పుడది చూడ్డానికి రోలు పక్కన పెట్టే పొత్రంలా ఉంది. తీసేసిన కర్ర మళ్లీ రాదు.

యంత్రం, స్టాక్ కలిసే చోటు ఒకటుంది, అది చాలామందికి తెలియదు. ఇనర్షియా తుపాకీ వెనక్కి కదలాలి. దాన్ని బల్ల మీద పెట్టి వెనక ఇసుక బస్తా ఆన్చి "పరీక్షిస్తే" మంచి తుపాకీ కూడా ఆగుతుంది. బ్రౌనింగ్ ఆటో-5 అనే పాత సెమీ ఆటో సరిగ్గా దీనికి తలకిందులు. అందులో బ్యారెల్, బోల్ట్ కలిసి వెనక్కి జరుగుతాయి, దానికి గట్టి భుజం ఉండాలి. భుజం వదులైతే ఆగుతుంది. తెనాలిలో మా మేనమామ గారింట్లో ఒకటుండేది. దాని మ్యాగజైన్ గొట్టం మీద ఒక ఉక్కు రింగు ఉంటుంది. తేలిక తూటాలకు దాన్ని స్ప్రింగుకు వెనక, బాడీ పక్కన పెట్టాలి. గట్టి తూటాలకు స్ప్రింగుకు ముందు, ఏటవాలు వైపు ఇత్తడి రాపిడి ముక్కకు ఆనేలా పెట్టాలి. పాతికేళ్ల వయసులో నేను దాన్ని తుడిచి, రింగు తేలిక పద్ధతిలో పెట్టి, గొట్టానికి నూనె కూడా బాగా పట్టించి ఇచ్చాను. మామయ్య గట్టి తూటాలు పేల్చారు. ముందు చెక్క నిలువునా చీలింది. "చేతులు శుభ్రంగా ఉన్నాయి రా, బుర్రే తుడవలేదు" అన్నారు. అలాంటి పాత తుపాకీ ఎవరి దగ్గరైనా ఉంటే చాంబర్ పొడుగు కూడా చూపించుకోండి. కొన్ని 65 మిల్లీమీటర్లవి. 70 తూటా అందులో దూరుతుంది, కానీ పేలాక విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

గ్యాస్ రకం కొనాలా అన్నారు కాబట్టి క్లుప్తంగా. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 లాంటివి బ్యారెల్ రంధ్రాల్లోంచి కొంత గ్యాస్ తీసుకుని పిస్టన్ నడుపుతాయి. తన్ను మెత్తగా ఉంటుంది, తేలిక తూటాలను మామూలుగా బాగానే తింటాయి. కానీ మసి వాటి లోపలే పేరుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోయినా, ఆ 1100లో చిన్న రబ్బరు రింగు చిరిగినా ఇదే కథ మళ్లీ మొదలు. వారం వారం తుడిచే ఓపిక ఉన్నవాడికి గ్యాస్, లేనివాడికి ఇనర్షియా అని నా లెక్క. స్టాక్ సరిపోకపోతే మాత్రం ఏది కొన్నా చెంప వాస్తుంది, కాస్త నెమ్మదిగా వాస్తుంది అంతే.

ఒక హద్దు చెప్పాలి. తుడవడం, బిళ్లలు, ప్యాడ్ వరకే మన పని. ట్రిగ్గర్ భాగం, కొక్కెం, బోల్ట్ తల, స్ప్రింగులు లైసెన్సున్న మేస్త్రీకే ఇవ్వండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. ఇచ్చేటప్పుడు మీ లైసెన్సు చూపించి రసీదు తీసుకోండి. బరువు తగ్గుతుందని బ్యారెల్ కోయించే ఆలోచన ఎవరైనా చెబితే ఆ మనిషికి దూరంగా ఉండండి, అది నేరం.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. బరువులు, తొడుగు తీసేయండి. స్టాక్ గొట్టం విప్పించి గ్రీజు తుడిపించండి, చాంబర్ పొడిగా ఉంచండి. పెట్టెలో ఆ బిళ్లల కవరు వెతకండి. నేను ప్రాక్టీసుకు హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్తాను, విజయవాడ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరకముందే రెండు రౌండ్లు అవుతాయి. మీరూ అక్కడికే వస్తే 28 గ్రాములవి రెండు పెట్టెలు, 24వి రెండు వేర్వేరు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకోండి. మొదట 28వి రెండు పెట్టెలూ, తర్వాత 24వి రకం వారీగా. ఒక రకంతో సాఫీగా నడిచి ఇంకోదానితో ఆగితే తప్పు తూటాదే. రెండింటితోనూ ఆగితే బోల్ట్ స్ప్రింగ్ వైపు చూద్దాం. ఆ నాలుగు పెట్టెల లెక్క, డొప్ప ఎక్కడ ఆగిందో, జబ్బ మీద కమిలిన చోటు జరిగిందా లేదా, ఈ మూడూ రాయండి. ఆ క్యాచర్ ఉందో లేదో కూడా.